సిస్టరమ్మ ఇంటి పైపులు

విజయమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. అబద్ధమేమీ కాదు. పాలవాడు నీళ్ళు కలిపాడనో, ఎదురింటివాళ్ళు బండి అడ్డంగా పెట్టారనో, మొగుడు తడికాళ్ళతో వంటింట్లోకి వచ్చాడనో, ఏదో ఒకటి ఉండనే ఉంటుంది. కానీ నీళ్ళొచ్చే రోజు పొద్దున మాత్రం ఆమె వేరే మనిషి. వాకిట్లో కొళాయి పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. పక్కింటి లిడియా తన కడవలు తెచ్చి వరసలో పెడుతుంది. ఆ కడవలన్నీ నిండేలోపల ఇద్దరూ కలిసి మదనపల్లెను ఉతికి ఆరేస్తారు. ఎవరి కోడలు అలిగింది, ఎవరి మోకాలు అరిగింది, టమాటా ధర మళ్ళీ ఎందుకు పడింది, పోయిన ఆదివారం చర్చిలో ప్రసంగం ఎంతసేపు సాగింది, ఒకటేమిటి, అన్నీ ఆ కొళాయి కిందికి రావలసిందే.

మిషను ఆసుపత్రి వెనకున్న ఆ వీధికి నీళ్ళు రోజూ రావు. రెండు మూడు రోజులకోసారి ఎల్లప్ప అనే అతను వచ్చి వీధి చివర వాల్వు తిప్పితే వస్తాయి. విజయమ్మ ఇల్లు, లిడియా ఇల్లు ఒకే మేస్త్రి ఒకేసారి కట్టినవి. మధ్యలో ఒకటే ప్రహరీ గోడ. వీధిలోంచి ఒకే కనెక్షను వచ్చి, ఆ గోడ మొదట్లో రెండుగా చీలి, ఒక పాయ ఇటు, ఒక పాయ అటు పోతుంది. అన్నీ ఆ రోజుల్లో వేసిన జింకుపూత ఇనప పైపులే. పూత ఉన్నన్నాళ్ళు బాగానే నడిచాయి. పూత పోయాక లోపల తుప్పు పేరుకోవడం మొదలైంది. లిడియా ఇంటి పైపు ఇల్లంతా చుట్టి వెనకున్న వంటింటికి పోవాలి కాబట్టి ముందు అదే పూడుకుపోయింది. ఆ కొళాయి మూతికి కట్టిన తెల్లగుడ్డ వారం తిరిగేసరికి ఇటుక రంగుకు వచ్చేది. దాంట్లోంచి టీ డికాక్షను లాంటి నీళ్ళు దారంలా దిగేవి.

అందుకని లిడియా విజయమ్మ ఇంట్లో పట్టుకునేది. ఎన్నేళ్ళుగానో ఇద్దరికీ గుర్తు లేదు. లిడియా ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, వీధికంతా సిస్టరమ్మ. భర్త జయరత్నం పోయి చాలా కాలమైంది. విజయమ్మ నీళ్ళ గురించి ఆమెను ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. కానీ నిజం చెప్పుకోవాలంటే, చుట్టాలొచ్చినప్పుడు "పాపం, సిస్టరమ్మకు మనమే నీళ్ళిచ్చేది" అనడం మాత్రం ఆమెకు మహా ఇష్టం. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె వీపు కొంచెం నిటారుగా అయ్యేది.

ఒక రోజు లిడియా కడవ కొళాయి కింద పెడుతూ, ఎటో చూస్తూ సంగతి చెప్పింది. కుప్పంలో ల్యాబులో పనిచేస్తున్న కూతురు షారోన్ తల్లిని వచ్చి తనతో ఉండమంటోందట. అక్కడ బోరు ఉంది, మిద్దె మీద ట్యాంకు ఉంది, ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్ళు. ఈ వయసులో కడవలు మోసి నడుము విరగ్గొట్టుకోవడం ఎందుకని పోరు పెడుతోందట. ఇంటికి బాడుగవాళ్ళను కూడా చూసి పెట్టింది. ఆదివారం వచ్చి మాట ఖాయం చేసి పోతుంది.

కడవ నిండింది. పొంగింది. విజయమ్మ చీర కుచ్చిళ్ళు తడిశాయి. నీటిచుక్క నేలపాలైతే మొగుణ్ణయినా వదలని మనిషి, కొళాయి కట్టేయడం మరిచిపోయి అలాగే చూస్తూ కూర్చుంది. చివరికి, కుప్పంలో దోమలు ఎక్కువంట కదా అని మాత్రం అంది.

లోపలికి పోయి మొగుడు చెంగయ్య మీద పడింది. ఆదివారం లోపల సిస్టరమ్మ ఇంటి పైపులు మార్చాలి. ప్లంబరును పిలిస్తే కొత్త అపార్టుమెంటు పని ఉంది, పది రోజులాగమన్నాడట. ఆ మాట విని చెంగయ్య మీసం సవరించుకున్నాడు. చెంగయ్యది టమాటా మండీలో వ్యాపారం, పెద్దమండ్యం దగ్గర కొంచెం పొలం. ఆ పొలానికి డ్రిప్పు పైపులు తన చేత్తోనే వేసుకున్నాడు. అప్పట్నుంచి రెండువైపులా చిల్లి ఉన్న ఏ వస్తువుకైనా తానే ఇంజనీరునని అతని నమ్మకం.

"ప్లంబరెందుకు? నేను ల్యాకపోతే కదా" అన్నాడు.

మామూలు రోజైతే ఈ మాటకు విజయమ్మ దగ్గర మంచి జవాబు ఉండేది. ఆ రోజు మాత్రం నోరు మూసుకుని అతనికి ఇంకో గ్లాసు కాఫీ ఇచ్చింది. చెంగయ్యకు అనుమానం వచ్చింది కానీ కాఫీ తాగేశాడు.

లిడియా అంత సులువుగా ఒప్పుకోలేదు. ఆ పైపులు అట్లే ఉండనీ, ఇప్పుడెందుకు శ్రమ అని నీళ్ళు నమిలింది. విజయమ్మకు చిర్రెత్తుకొచ్చింది. నువ్వు పోతే నేనెవరితో మాట్లాడాలక్కా అని అడగాలని ఆమె గొంతు దాకా వచ్చింది. అది అడగడానికి నామోషీ అడ్డమొచ్చి ఇంకేదో అనేసింది.

"నువ్వు పోతే పో అక్కా, నేనేమన్నా పట్టుకున్యానా? రేపు వచ్చే బాడుగోళ్ళు మా కొళాయి కాడికొచ్చి కొట్లాడితే నేను పడేదాన్ని కాదు. అందుకే మార్చేది."

లిడియా ఆమె మొహంలోకి కాసేపు చూసి, సరేనని తల ఊపింది. ఎన్నో వేలమందికి సూదులు పొడిచిన చెయ్యి ఆమెది. ఎవరికి ఎక్కడ నొప్పో చెప్పకుండానే తెలుస్తుంది.

పైపులు మదనపల్లెలోనే కావలసినన్ని దొరుకుతాయి. చెంగయ్య ఒప్పుకోడు. పుంగనూరులో మల్లప్ప అంగడి తప్ప ఇంకెక్కడ కొన్నా మోసమే అంటాడు, ఎందుకంటే డ్రిప్పు సామాను అక్కడే కొన్నాడు. పొద్దున్నే పోయినవాడు సాయంత్రానికి ఖాళీ టమాటా క్రేట్లు మోసుకొచ్చే బొలేరో వెనకాల కూర్చుని, పొడుగాటి ప్లాస్టిక్ పైపులను ఒళ్ళో పెట్టుకుని ఊరేగుతూ దిగాడు. సంచి నిండా ఎల్బోలు, టీలు, కొత్త కొళాయిలు, గమ్ము డబ్బా. లిడియా గడప ముందు అన్నీ పరిచి పెళ్ళి సారె చూపించినట్టు ఒక్కొక్కటే చూపించాడు.

శనివారం పొద్దున పని మొదలైంది. పాత పైపు ఒక్కటి కూడా మాట వినలేదు. కిరసనాయిలు పోశారు, సుత్తితో కొట్టారు, చెంగయ్య బూతులు కూడా తిట్టాడు, తరువాత సిస్టరమ్మ పక్కనే ఉందని గుర్తొచ్చి సారీ చెప్పాడు. చివరికి పానాకు పొడుగాటి ఇనప గొట్టం తొడిగి, ముగ్గురూ దానికి వేలాడారు. అమ్మమ్మలు కావలసిన వయసులో ఇద్దరాడవాళ్ళు అలా గొట్టం పట్టుకుని ఊగుతుంటే, దారిన పోయేవాళ్ళు ఆగి చూసి నవ్వి పోయారు. ఉన్నట్టుండి మర ఊడింది. ముగ్గురూ వెల్లకిలా పడ్డారు. చెంగయ్య క్రోటన్ను కుండీలో కూర్చున్నాడు.

ఊడిన పైపును లిడియా ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూసింది. వేలు దూరవలసిన చోట అగ్గిపుల్ల దూరేటట్టు లేదు. జీవితమంతా మాంసం తిన్న ముసలాయన రక్తనాళం ఇట్లే ఉంటుందని చెప్పి, చెంగయ్య పొట్ట వైపు చూసింది. విజయమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే, ఆ పూడుకుపోయిన పైపు చేతిలోకి తీసుకున్న క్షణాన, ఆమె నవ్వు ఆగిపోయింది.

పైపు బాగైతే లిడియా ఇక తన కొళాయి దగ్గరికి ఎందుకొస్తుంది?

ఇన్ని రోజులూ ఆ సంగతి తట్టనే లేదు. పైపు మార్చకపోతే మనిషి కుప్పం పోతుంది. మారిస్తే మనిషి పక్కింట్లోనే ఉంటుంది కానీ కడవ తీసుకుని రాదు. పీట వేసుకుని తానొక్కతే కూర్చోవాలి. వీధిలో సంగతులన్నీ ఎవరికి చెప్పుకోవాలి, చెంగయ్యకా? అతనికి టమాటా ధర తప్ప ఏదీ ఎక్కదు. విజయమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. పని ఆపేయమంటే ఆగిపోతుంది కూడా. చెంగయ్య అప్పటికే నడుము పట్టుకుని మూలుగుతున్నాడు, ఒక్క మాట చాలు.

చెంగయ్య గమ్ము అడిగాడు. ఆమె డబ్బా మూత తీసి అతని చేతికిచ్చింది. రాకపోతే రాకపోయింది, గోడ అవతల ఆమె దగ్గే చప్పుడైనా వినిపిస్తుంది కదా అనుకుంది.

పొద్దుగూకేసరికి కొత్త పైపులు గోడలంతా తెల్లగా పాకాయి. ఒక్క కొళాయి కూడా బిగించలేదు. వంటింట్లో, స్నానాలగదిలో, పెరట్లో మూడు చోట్ల పైపుల మూతులు బార్లా తెరుచుకుని ఉన్నాయి. లిడియా అదేమని అడిగింది. డ్రిప్పు వేసినప్పుడు చివర్లు మూయకుండా మొదట నీళ్ళు వదిలి లోపలి దుమ్మంతా కడగాలని, ఆ తరువాతే తక్కిన సామాను బిగించాలని చెంగయ్య వివరించాడు. నీళ్ళు సోమవారం గానీ రావు. సోమవారం దగ్గరుండి కడిగి కొళాయిలు బిగిస్తానన్నాడు. ఎకరాలకు ఎకరాలు వేసినవాణ్ణి నాకు చెప్పొద్దక్కా అన్నాడు.

సోమవారమైతే షారోన్ రేపు వచ్చి ఏం చూసి పోతుందని విజయమ్మకు బెంగ పట్టుకుంది. ఇంట్లో ఓళిగలు చేసి ఉన్నాయి. నాలుగు ఓళిగలు ఆకులో చుట్టుకుని వీధి చివర ఎల్లప్ప ఇంటికి పోయి, సిస్టరమ్మ కూతురు రేపు వస్తుంది, నీళ్ళు బాగా వస్తే సిస్టరమ్మ ఇక్కడే ఉండిపోతుందేమో అని తన బాధంతా చెప్పుకుంది. ఇంకేమీ అడగలేదు. చెంగయ్యకు ఆ సంగతి చెప్పనూ లేదు. ఎల్లప్పకు సిస్టరమ్మ అంటే ప్రాణం. అతని పిల్లలిద్దరికీ ఆమె చేత్తోనే టీకాలు పడ్డాయి.

ఆదివారం పొద్దున లిడియా ఎప్పటిలాగే ఇంటి తాళం విజయమ్మకిచ్చి చర్చికి పోయింది. షారోన్ బస్సు దిగి నేరుగా అక్కడికే వస్తుంది. విజయమ్మ సంగటి గెలుకుతుండగా గోడ అవతల జలజలమని ఏదో చప్పుడైంది. చినుకు పడుతోందేమో అని ఆకాశం చూసింది. ఎండ మండిపోతోంది.

ఆమె, చెంగయ్య ఇద్దరూ పరుగెత్తుకుని పోయి తాళం తీశారు. మంచి మనసున్న ఎల్లప్ప ఒక రోజు ముందుగానే వాల్వు తిప్పేశాడు. మూడు మూతుల్లోంచీ నీళ్ళు ఎదురుగోడకు కొడుతున్నాయి. వంటింట్లో చెప్పులు తేలుతున్నాయి. గోడ మీది క్యాలెండరు తడిసి చిరిగి వేలాడుతోంది.

"గేటు వాల్వు యాడుండాది? కట్టెయ్యి" అంది విజయమ్మ.

చెంగయ్య మొహం పాలిపోయింది. "గేటు వాల్వు పెట్టలేదే. పొలంలో అయితే మోటారు ఆపేస్తే సరిపోతాది."

ఆ నిమిషంలో విజయమ్మ తన మొగుణ్ణి చూసిన చూపు గురించి ఇక్కడ రాయకపోవడమే మంచిది. ఎల్లప్పను పట్టుకుని వాల్వు కట్టించడానికి చెంగయ్య తడిసిన లుంగీ ఎగగట్టుకుని వీధిలోకి ఉరికాడు. సరిగ్గా అప్పుడే లిడియా, షారోన్ చర్చి నుంచి వీధి మలుపు తిరుగుతున్నారు. అతను వాళ్ళను చూసి కూడా ఆగలేదు. వచ్చినావా తల్లీ, బాగుండావా అని పరుగులోనే పలకరించి పోయాడు.

వాళ్ళు గడప దగ్గరికి వచ్చేసరికి, విజయమ్మ పప్పుగుత్తి కాడకు గుడ్డ చుట్టి వంటింటి పైపులో దూర్చి, దాన్ని రెండు చేతులతో అదిమిపట్టుకుని నిలబడి ఉంది. మిగతా రెండు మూతుల్లోంచి నీళ్ళు వాటి ఇష్టానికి అవి పోతున్నాయి. జుట్టు, చీర, మొహం అంతా తడి. ఇక అంతా అయిపోయిందనుకుంది ఆమె. కూతురు ఈ సంత చూసి తల్లిని ఈ పూటే బస్సెక్కిస్తుంది.

షారోన్ చెప్పులు చేతిలో పట్టుకుని చుట్టూ చూసింది. "పిన్నమ్మా, మా ఇంట్లో నీళ్ళు రావని కదా అమ్మ సెప్పింది" అంది.

లిడియా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి తడిసిన కుర్చీలోనే కూలబడింది. జయరత్నం పోయాక ఆమె అలా నవ్వగా విజయమ్మ చూడలేదు. ఎల్లప్ప వాల్వు కట్టేశాడు. నీళ్ళు మధ్యలో ఆగినందుకు వీధివాళ్ళ తిట్లన్నీ చెంగయ్య తిన్నాడు. అతను అంగడికి పోయి గేటు వాల్వు తెచ్చి, మూడు కొళాయిలూ బిగించాక, ఎల్లప్ప మళ్ళీ నీళ్ళు వదిలాడు. అందరూ లిడియా ఇల్లు తుడిచే పనిలో ఉన్నారు కాబట్టి విజయమ్మ ఇంటి కొళాయి సంగతి ఆ రోజు ఎవరూ చూసుకోలేదు. కొత్త కొళాయి కింద కడవ ఇట్టే నిండింది. షారోన్ రెండుసార్లు తిప్పి చూసి, బాడుగవాళ్ళకు ఫోను చేసి ఇల్లు ఇవ్వడం లేదని చెప్పేసింది. సాయంత్రం విజయమ్మ కట్టిచ్చిన చెనక్కాయల ఊరిబిండి పచ్చడి సంచిలో పెట్టుకుని, ఒక్కతే కుప్పం బస్సెక్కింది.

అనుకున్నది జరిగింది. మనిషి ఉండిపోయింది. విజయమ్మ సంతోషపడాలి, పడింది కూడా.

మళ్ళీ నీళ్ళొచ్చిన పొద్దున ఆమె అలవాటుగా పీట వేసుకుని కూర్చుంది. అలవాటుగానే లిడియా కడవలకు చోటు వదిలింది. లిడియా రాలేదు. గోడ అవతల తొట్టిలో నీళ్ళు దబదబ పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. విజయమ్మకు మొదట కోపం వచ్చింది. పని అయిపోయాక మనిషి అవసరం ఏముంటుంది అనుకుంది. తరువాత దిగులు వచ్చింది. ఆ దిగులులో తన కడవ ఇంకా నిండలేదేమని కిందికి చూసింది. అడుగున జానెడు నీళ్ళు కూడా లేవు. కొళాయి మూతి నుంచి డికాక్షను రంగు నీళ్ళు దారంలా దిగుతున్నాయి.

చెంగయ్య వచ్చి వంగి చూసి తల గోక్కున్నాడు. కనెక్షను ఒకటే కదా, అక్క వైపు దారి పెద్దదయ్యేసరికి నీళ్ళన్నీ అటే పోతున్నాయన్నాడు. ఇన్నాళ్ళూ అటు దారి మూసుకుని ఉంది కాబట్టి ఆమె వాటా నీళ్ళు కూడా మన కొళాయిలోనే పడ్డాయి అన్నాడు. వచ్చే ఆదివారం మన పైపులు కూడా మార్చేస్తానని, ఈసారి గేటు వాల్వు మరిచిపోనని ఒట్టు పెట్టుకున్నాడు.

విజయమ్మకు ఆ చివరి మాటలేవీ చెవికెక్కలేదు. ఎన్ని పండగలకు, ఎంతమంది చుట్టాల ముందు చెప్పుకుంది, సిస్టరమ్మకు మనమే నీళ్ళిచ్చేదని. లిడియా నీళ్ళు లిడియాకే ఇచ్చి, గొప్ప తాను కొట్టేసింది. సిగ్గుతో ఆమె చెవులు కాలాయి. కడవ నడుముకెత్తుకుని గోడ చుట్టి పక్కింటికి పోయింది.

కొత్త కొళాయి పక్కన రెండు పీటలు వేసి ఉన్నాయి. ఒకదాని మీద లిడియా కూర్చుని ఉంది. రెండోదాని మీద మూత పెట్టిన కాఫీ గ్లాసు.

"యాడికి పోయినావు ఇంతసేపు? కాఫీ సల్లగయిపోయ" అంది లిడియా.

విజయమ్మ కూర్చోలేదు. చెప్పవలసింది నిలబడే చెప్పింది. "అక్కా, ఇన్నేండ్లూ నువ్వు మా ఇంట్లో పట్టుకునిండేది నీ నీళ్ళే అంట. నేనేమో ఊరంతా ఇంకోరకంగా సెప్పుకున్యాను."

"తెలుసు" అంది లిడియా. "మా ఆయన ఉన్నప్పుడే సెప్పినాడు. పైపు మార్పిస్తానన్యాడు, నేనే వద్దన్యా."

"యాల వద్దన్యావు?"

లిడియా ఆమె నడుము మీది కడవ అందుకుని కొళాయి కింద పెట్టింది. "నీళ్ళు మా ఇంట్లోనే వస్తే, నీ కాడికి ఏం సాకు పెట్టుకోని వచ్చేది విజయా? నీ కోపానికి నాకు భయం కదా" అంది.

విజయమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. పీట మీద కూర్చుని చల్లారిన కాఫీ తాగింది. కడవ నిండడం మొదలైంది. ఎదురింటి కోడలు మళ్ళీ పుట్టింటికి పోయిందని లిడియా మొదలుపెట్టింది. గోడ అవతల ఠంగుమని పానా చప్పుడు వినిపించింది. చెంగయ్య అప్పుడే పాత పైపు మీద చెయ్యి వేసినట్టున్నాడు.

విజయమ్మ కూర్చున్నచోటి నుంచే గొంతు పెంచింది. "ఏమయ్యా, మన పైపు జోలికి పోయినావంటే సూడు, ఇంట్లో సంగటి ఉండదు."

పానా చప్పుడు ఆగింది. ఆమె లిడియా వైపు తిరిగి, ఆ కోడలు ఈసారి ఎందుకు అలిగిందని అడిగింది.